గడప కట్టెతో తంబూర

ఛీ, ఛీ! ఆ వాసన మీకెట్ల చెప్పాలె? పశువుల తోళ్లు, ఎముకలు ఉడకబెట్టి చేసిన జిగురు. సరేసు అంటరు. అది నా స్టవ్ మీద, నేను చాయ్ పెట్టుకునే గిన్నెల కుతకుత ఉడికేది. మా బిడ్డ శీతల్ ముక్కు మూసుకొని "ఆయీ, కితీ ఘాణ్! ఎంత కంపమ్మా!" అనుకుంట వాకిలి ముందటి గ్యాలరీలకు ఉరికేది. కాలేజీకి పోయే పిల్ల, బట్టలకు ఆ కంపు పడితే దోస్తులు నవ్వరా?

ఇదంతా మా ఇంటాయన నిర్వాకం. పేరు లింబయ్య. పేరు పట్టి పిలిచే అలవాటు నాకు లేదు, మీకు తెల్వాలె గనక చెప్తున్న. బొంబాయి కామాటిపురల్నే పుట్టిండు, కామాటిపురల్నే పెరిగిండు. తాత గోడలు కట్టిండు, తండ్రి గోడలు కట్టిండు, ఈయన ఫర్నిచర్ కార్ఖానల రంద పట్టి కట్టెలు చెక్కిండు. మోకాళ్లు అరిగి పని మానేసినంక మా ఒక్క అర్ర ఖోలీనే కార్ఖాన అయింది. మంచం కింద పనస మొద్దు, దేవుని పక్కన ఉలులు, అన్నంల రంపపు పొట్టు. ఒకనాడు పప్పుల చెక్క పేడు పంటికి తగిలితే ప్లేటు ఎత్తేసిన.

చేసేదేంది? తంబూర. మా చాల్ భజన మండలిల బతుకంతా అడుక్కొచ్చిన తంబూరనే మీటిండు. అప్పుడు ఆ చాల్ బిల్డింగునే కూలగొడ్తమన్నరు. అందరం ఖాళీ చేయాలె. ఒకరు విరార్ పోతున్నరు, ఒకరు డోంబివలి, మేము ధారావి దిక్కు కిరాయికి. మళ్ల అందరం ఒక్క దగ్గర కూసునేదెప్పుడు? అందుకే ఈయనకు ఒక్కటే పట్టు. ఈ గ్యాలరీల ఆఖరి ఏకాదశి భజనకు తన చేతులతోని చేసిన తంబూర మోగాలె.

"అది మోగకపోతే నేనీడ బతికినట్టే లేదే రత్నా" అన్నడు ఒక పొద్దు. ఆ మాట విన్నంక కొన్ని దినాలు తిట్టుడు ఆపిన. కొన్ని దినాలే.

మొద్దును తొలిచి తంబూర కింది కుండ చేసిండు. బాగనే వచ్చింది, అబద్ధమెందుకు ఆడాలె. కుండకు తగిలించే పొడుగు దండికే కట్టె దొర్కలేదు. నేను స్కూల్ల ఆయమ్మను. ఒకనాడు పని నుంచి అచ్చి, ఎప్పటిలెక్కనే గడప దాటుదామని కాలెత్తిన. కాలు ధబ్బున బొందల వడ్డది. గడప లేదు!

"గడప పీకినవా? నీకేమన్న మతి ఉన్నదా అయ్యా?"

"ఎట్లన్న కూలగొడ్తరు గదనే. పాత బర్మా టేకు, పాత సామాన్ల భంగార్ వాడు ఎత్తుకపోతడు. మీదికెళ్లి మా అమ్మ రాసిన పసుపు ఉన్నది" అన్నడు, గడపను ఒళ్లె పెట్టుకొని పసిపిల్లను నిమిరినట్టు నిమురుకుంట.

ఆ సందుల నుంచి బొద్దింకలు, వాటెనక మోరీ ఎలుక. థూ! దేవుని ముందటి కొబ్బరి చిప్పను కొరికిపెట్టింది. నేను చెప్పు పట్టుకొని ఎలుకెంట తిరిగితే, ఈయన తలకాయన్న ఎత్తలేదు. దండికి మూడు దిక్కుల రంద పట్టి, పసుపున్న దిక్కు మాత్రం ముట్టలేదు. కుండల దిగే కొసకు కూడా ఆ పసుపు అట్లనే ఉంచి, సరేసు పూసి అతికించిండు.

రేపు భజన అనంగ పొద్దుగాల తీగ బిగించిండు. టక్కుమన్నది. దండి ఊడి చేతికొచ్చింది.

మళ్ల సరేసు ఉడికించిండు, మళ్ల అతికించిండు, తాడుతోని కట్టిండు. ముట్టుకుంటే మళ్ల ఊడింది. "జిగురు ఖరాబున్నది" అన్నడు. మొఖం మాడిపోయింది. గోడకు ఒరిగి కూసున్నడు. ఆ మొఖం చూస్తే నాకు జాలి రాలేదు, రోషమొచ్చింది. ఇన్ని దినాలు ఈ కంపుల నేను మునిగింది ఇందుకేనా?

దండి కొస చేతిలకు తీస్కొని గోటితోని గీకిన. గోరు కింద జిడ్డు. అప్పుడు తెల్సింది. మా అత్త మల్లవ్వ పసుపును నీళ్లల్ల కలిపేది కాదు. బొంబాయి వానకు కారిపోతదని నూనెల కలిపి రాసేది. ఆమె పోయినంక నేను కూడా శుక్రవారం శుక్రవారం అట్లనే రాసిన. కట్టె లోపటి దాక నూనె తాగింది.

"నూనె గిన్నెకు జిగురు కాయితం అంటుకుంటదా? ఈ కొస గీకెయ్యి" అన్న.

"నాతోని కాదు. అది మా అమ్మ చెయ్యి" అన్నడు. కండ్లల్ల నీళ్లు.

"మీ అమ్మ ఒక్కదాని చెయ్యేనా? సగం నాది!"

ఉలి గుంజుకున్న. కొసకున్న పసుపంతా నేనే చెక్కిన, నూనె తాగని కట్టె ఎల్లేదాక. ఆయన అటు మొఖం తిప్పుకున్నడు. ఆ దరిద్రపు సరేసును నా చేతులతోని నేనే కలిపిన. డోకొచ్చింది. గ్యాలరీలకు పోయి వాంతి చేసుకొని, అచ్చి మళ్ల కలిపిన. ఇద్దరం కలిసి అతికించి తాడు బిగించినం.

మర్నాడు మాపటికి గ్యాలరీ నిండింది. ఆయన తీగ మెల్లగ బిగించిండు. నిలబడ్డది. మోగింది. పక్క ఖోలీ గంగవ్వ పాడబోయిందల్ల ఆగి, దండి దిక్కు వంగి చూసింది. "ఇది మల్లక్క గడప గదా" అని, దాన్ని ముట్టి కండ్లకు అద్దుకున్నది. ఆమె ఎనక ఒక్కొక్కరు లేచి అద్దుకున్నరు. ఎన్నిసార్లు దాటిరో ఆ గడపను! మా ఆయన మీటుడు ఆపలేదు, మొఖం మాత్రం తడిసింది. నేను ముక్కు చీదుకున్న. "సరేసు కంపుకే" అన్న శీతల్‌తోని.

చాల్ ఖాళీ చేసి ఇప్పుడు ధారావిల ఉంటున్నం. ఈ ఇంటికి గడపే లేదు, ఇంత నున్నటి బండ. ఛీ, అదీ ఒక వాకిలేనా! మొన్న శుక్రవారం పసుపు గిన్నె పట్టుకొని ఆ బండ ముందట ఎంత సేపు నిలబడ్డనో. లోపటికొచ్చి గోడకున్న తంబూర దించి, దండికి రాసిన.

"నూనె కలిపినవా?" అన్నడు ఆయన, గాబరాగ.

"లే. నీళ్లే" అన్న. "ఇంట్ల దీన్ని తడిపే వాన లేదు."