బెల్లంపల్లిలో ఎనిమిది ఫోటోలు, ఒక తెల్ల పంచె

రాత్రి ఆటను ఫోటో తీయడానికి నేను బెల్లంపల్లి వెళ్ళడానికి కారణం అక్క రాసిన ఒక ఉత్తరం. బావ అక్కడి బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తా; గనిని అక్కడ బాయి అంటారు. వాళ్ళ పక్క క్వార్టరులో రాజవ్వ ఉండేది. ఆమె భర్త ఓదేలు బాయిలో పనిచేస్తూ కబడ్డీ ఆడేవాడు. "శనివారం బాయిల మధ్య ఆఖరి పోటీ. మోకాళ్ళు సహకరించడం లేదట, ఈ పోటీతో ఆట మానేస్తానంటున్నాడు. అతను ఆడుతుండగా రాజవ్వ ఒక్కసారీ చూడలేదు. ఇక్కడి ఆడవాళ్ళు రాత్రి ఆటకు వెళ్ళరు. నీ చెల్లెలు ఒక్క ఫోటో తీసిపెడుతుందా అని రోజూ అడుగుతోంది" అని రాసింది అక్క. కాన్వెంటు చదువు ముగిసిన ఏడాది, మేము బాపు అని పిలిచే నాన్న కొనిచ్చిన మడత కెమెరా నా దగ్గర ఉండేది. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. కెమెరా ఉంటే ముఖానికి అడ్డం పెట్టుకోవచ్చు. దానితో అంతవరకు పూలకుండీలను, నిద్రపోయే పిల్లిని మాత్రమే తీశాను.

బయలుదేరే ముందురోజు కరీంనగర్ గడియారం దగ్గర స్టూడియో నడిపే ఖాదర్ సాబ్ దగ్గరికి వెళ్ళి ఫిల్ము కొన్నాను. చుట్టకు ఎనిమిది ఫోటోలు. రాత్రి కబడ్డీ అనగానే ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు.

"ఫ్లాష్ బల్బులు నా తాన లేవు బిడ్డా. ఉన్నా ఇయ్య. ఆటోని కండ్లల్ల కొడ్తవా ఏంది?"

"మరి ఎలా తీయాలి?" అన్నాను.

"ఉర్కేటోన్ని తీస్తే పొగ లెక్క వస్తడు. గని ఎంత ఉర్కినా ఒకకాడ ఆగుతడు. గా ఆగినకాడ నొక్కు. జర సబర్ చెయ్యాలె, తొందర వద్దు. ఇగ లైటు తక్కువైతే తెల్లగోడ చూసుకో. గోడ సుత లైటే."

శనివారం పొద్దున పదింటికి బాపు నన్ను పెద్దపల్లి బస్సు ఎక్కించాడు. రూపాయీ పావలా టికెట్టు, గంటన్నర ప్రయాణం. పెద్దపల్లిలో ప్యాసింజరు బండి కోసం రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. ఇటు వెళ్ళేవాళ్ళు ఒక పుస్తకం వెంట ఉంచుకోవడం మంచిది. స్టేషను బయటి మిర్చిబజ్జీలు ఆకలికి బాగానే ఉంటాయి, నీళ్ళ సీసా మాత్రం ఇంటినుంచే తెచ్చుకోవాలి. బండి గోదావరి వంతెన దాటితే ఆదిలాబాద్ జిల్లా. నది ఇవతల కిటికీ చువ్వలను పట్టుకుంటే వేళ్ళకు ఎర్రమట్టి అంటింది, మంచిర్యాల దాటాక నల్లగా అంటడం మొదలైంది.

బెల్లంపల్లిలో దిగేసరికి నాలుగు. బావ పంపిన జట్కా మనిషి నా పెట్టె తనే అందుకున్నాడు.

"గుమాస్తా సాబ్ మరదలివా? ఫోటోలు దీస్తవంట గదా?"

"అవును" అన్నాను.

"మా గుర్రాన్ని దియ్యి. గది కదలదు, నీకు ఫికర్ ఉండదు."

నేను నవ్వాను. గుర్రం నిజంగానే కదలలేదు, ఇల్లు చేరడానికి అరగంట పట్టింది.

రాజవ్వ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. నా చేతిలోని తోలుసంచిని చూసి, "గిదేనా పోటువల డబ్బా?" అని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూసింది.

"నాలుగేండ్ల సంది గిదే సూస్తున్న చెల్లే. ఇంటికొస్తే మోకాళ్ళ మీద దెబ్బలే కనిపిస్తయ్. దెబ్బలకు పసుపు పెట్టేది నేను, ఆట జూసేది ఊరంత. గీ పొద్దుతోని గది సుత అయిపాయె."

ఆ మాట తర్వాత, ఫోటో రాకపోతే ఏంచేయాలో నాకు తోచలేదు. వెలుతురుండగానే అక్కను వెంటబెట్టుకుని మైదానం చూడటానికి వెళ్ళాను. నేల అంతా బొగ్గు మసి. గీతలు మాత్రం సున్నంతో వేశారు. ఎడమవైపున మూడు స్తంభాలు, ఒక్కోదానికి ఒక్కో బల్బు. కుడివైపు ఏమీ లేదు. ఖాదర్ సాబ్ చెప్పిన తెల్లగోడ కోసం వెతికాను. బొగ్గుబాయి ఊళ్ళో తెల్లగోడ ఎక్కడుంటుంది? వెల్ల వేసిన ఆర్నెల్లకే ప్రతి గోడా బూడిదరంగుకు దిగిపోతుంది.

"గోడ లేదు గని, మీ బావ పెళ్ళి పంచె ఉంది" అంది అక్క. ఆ ఊరి మసి తగలకుండా పెట్టె అడుగున దాచిందట. రెండు మడతలు వేసి ఇద్దరు చెరో కొస పట్టుకుంటే చిన్న గోడంత అవుతుంది. పట్టుకునేది ఎవరన్నదే చిక్కు. మగవాళ్ళను అడిగితే ఆట వదిలి బట్ట పట్టుకుంటామా అన్నారు. చివరికి అక్క ఒక కొస తీసుకుంది. రెండో కొసకు రాజవ్వ ముందుకొచ్చింది. వాళ్ళ లైనులోని ముసలామె ఒకతె గుమ్మంలోంచి కేకేసింది.

"ఏమే రాజీ, మొగోళ్ళ ఆట సూడవోతున్నవా?"

"ఆట సూడవోతలేను పెద్దవ్వా, పనిమీద పోతున్న" అంది రాజవ్వ.

ఏడున్నరకు ఆట మొదలైంది. దీపాలు ఎడమవైపు, కుడివైపు గీత పక్కన పంచె, ఒక చివర నేల మీద నేను. జనంలోంచి ఒకాయన అరిచాడు: "ఏందక్కా, ఆటకాడ బట్టలారేస్తున్రా?"

"మీ మొఖాలు కనవడాలంటే తప్పదు తమ్మీ!" అంది అక్క.

పంచె ఎత్తగానే ఆటగాళ్ళ చీకటి వైపు చెంపలు తేటపడ్డాయి. అంత చిన్న బట్టకు అంత బలం ఉంటుందని నేను అనుకోలేదు. కానీ వెలుగు అందాలంటే దాన్ని తలకు పైగా ఎత్తి పట్టుకోవాలి. దాని వెనక ఉన్నవాళ్ళకు ఏమీ కనబడదు. పది అడుగుల దూరంలో భర్త ఆడుతుంటే, రాజవ్వ ఎదుట ఉన్నది మా బావ పంచె. ఓదేలు కూతకు వెళ్ళినప్పుడల్లా ఆమె మెడ పక్కకు తిప్పి వినేది. "గది ఆయన గొంతే" అని అక్కతో అనడం నాకు వినిపించింది.

మొదటి ఏడు ఫోటోలు తొందరపడి నొక్కేశాను. అన్నీ పొగే అవుతాయని నొక్కిన మరుక్షణమే తెలిసిపోయేది. ఒక్కటి మిగిలింది. ఖాదర్ సాబ్ మాట తలచుకుని కెమెరా ఛాతీకి ఆనించి కూర్చున్నాను. ఆట ముగియబోతుండగా ఓదేలు మళ్ళీ కూతకు వెళ్ళాడు. నలుగురు ఒక్కసారిగా మీద పడ్డారు. నడుము ఒకడు, కాళ్ళు ఇద్దరు, మెడ ఒకడు. అతను నేలమీద సాగిపోయి, కూత ఆపకుండా చెయ్యి నడిమి గీత వైపు చాచాడు. వేళ్ళకూ సున్నానికీ మధ్య జానెడు దూరం. అయిదుగురూ అక్కడే బిగుసుకుపోయారు. ఆగినచోటు అదే. మీట నొక్కుతుండగా కుడివైపు వెలుగు తగ్గింది.

తిరిగి చూస్తే, పంచె ఒక కొస దిగిపోయి ఉంది. రాజవ్వ దాన్ని గుండెలకు హత్తుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని చూస్తోంది. ఓదేలు వేళ్ళు గీతను తాకాయి. జనం లేచి అరిచారు. ఆమెకు అదేమీ వినబడినట్టు లేదు. కాసేపటికి నన్ను చూసి నాలుక కరుచుకుని పంచెను పైకెత్తింది. అప్పటికి నా ఫిల్ము అయిపోయింది.

ఆ రాత్రి అక్క జొన్నరొట్టెలు చేసింది. పంచె మీద నల్లటి వేలిముద్రలు చూసి, బావ దాన్ని మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టాడు. ఆఖరి ఫోటో చెడిందనుకుని నేను మాత్రం తినలేకపోయాను.

నాలుగు రోజుల తర్వాత కరీంనగర్‌లో ఖాదర్ సాబ్ తడి ప్రింటు పట్టుకుని వెలుతురులోకి వచ్చాడు. "కబడ్డి ఆడేటోని మొఖం చీకట్ల వడ్డది బిడ్డా. చెయ్యి మంచిగొచ్చింది, సున్నం గీత వచ్చింది. గని గీ అంచుకున్న ఆడామె ఎవలు? లైటంత ఈమె మొఖం మీదనే ఉన్నది." ఆయన డబ్బులు తీసుకుంటూ మళ్ళీ ఒకసారి చూశాడు.

క్షమించమని రెండు వాక్యాలు రాసి ఫోటోను బెల్లంపల్లికి పంపాను. అక్క జవాబు వారానికి వచ్చింది. రాజవ్వ ఫోటో చూసి చాలాసేపు నవ్విందట. తర్వాత, "నేను కండ్లార జూసిన, నాకెందుకు? గిది ఆయనకియ్యి" అందట. బాయికి పోయేటప్పుడు బట్టలు పెట్టుకునే రేకుపెట్టె మూత లోపల ఓదేలు దాన్ని అతికించుకున్నాడని బావ చెప్పాడట.

ఆ మైదానానికి ఇప్పుడు ట్యూబులైట్లు వచ్చాయని విన్నాను. మంచిదే. అయినా నాకు గుర్తొచ్చేది ఆ మూడు బల్బుల వెలుతురే. ఆ తర్వాత చాలా ఆటలు తీశాను, ముఖాలు స్పష్టంగా వచ్చిన ఫోటోలు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ పెట్టె మూతకు అతికించుకోలేదు. ఖాదర్ సాబ్ ఇచ్చిన రెండో ప్రింటు నా పుస్తకాల మధ్య ఉంది. అప్పుడప్పుడు పుస్తకం తెరిస్తే అది జారి పడుతుంది, ఆ రోజంతా ఇక చదువు సాగదు.

ఆ వైపు రాత్రి ఆటలు తీయడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఒక తెల్ల పంచె తప్పక తీసుకెళ్ళండి, కొసలు పట్టుకోవడానికి మాత్రం ఆడేవాళ్ళ ఇంటివాళ్ళను పిలవకండి. ఫోటోలో ఆటగాడి ముఖం కావాలనుకుంటేనే సుమా.