రేకు తలుపు గడియ

ఆ నోటుపుస్తకం నేను ఆసుపత్రి కోసం రాసింది కాదు. మా ఇంట్లో అందరూ అలాగే అనుకుంటున్నారు. కాదని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అది నా డైరీ. ఆ వారం పొద్దున్నే మా ఇంట్లో వినబడే చప్పుళ్ళన్నీ సరదాగా రాసుకుంటున్నాను. అమ్మ చీపురు, పక్కింటి బోరు మోటారు, రేవు నుంచి వచ్చే ఆటో హారను, దొడ్లో మరుగుదొడ్డి రేకు తలుపుకున్న గడియ. అది తుప్పు పట్టింది. వేసేటప్పుడు ఒకలా, తీసేటప్పుడు ఇంకోలా కీచుమంటుంది. రెండూ కలిపి ఒకసారి లెక్కన సోమవారం ‘మరుగుదొడ్డి గడియ నాలుగుసార్లు’ అని రాశాను. మంగళవారం ఐదు. బుధవారం ఏడు. తలుపు వెనక ఉన్నది మా అత్తేనని తెలుసు. అయినా ఆ మూడు రోజులూ, ఆ కీచుమనే చప్పుడును దేనితో పోల్చాలన్నదే నా ధ్యాస. ఒక మనిషి పొద్దున్నే ఏడుసార్లు ఎందుకు వెళ్తుందన్న ఆలోచనే రాలేదు.

అత్త అంటే మా నాయనకు అక్క. మామ పోయినప్పటి నుంచి మాతోనే ఉంటోంది. బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. అత్త నెత్తళ్ళనే చిన్న చేపల్ని ఎండబెట్టి ఊరూరా తిరిగి అమ్మేది. ఆమె గొంతుకు కాకులే కాదు, బేరమాడేవాళ్ళు కూడా వెనక్కి తగ్గేవాళ్ళు. నాకేమో కొత్తవాళ్ళ ముందు మాట పైకి రాదు.

ఏడాది కిందట అత్త కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. వయసులో ఉన్నప్పుడు ఆమెకు పచ్చకామెర్లు వచ్చాయట. విడవలూరు వైపు ఎవరో ఇచ్చిన పసరు తాగి, కొన్నాళ్ళు ఉప్పు లేని కూడు తింది. కళ్ళు తెల్లబడగానే తగ్గిపోయిందనుకున్నారు. హెపటైటిస్ బి వైరస్ మాత్రం ఇన్నేళ్ళూ లోపలే ఉండిపోయింది. ఆ సంగతి తెలిశాక ఇంట్లో మిగతా ముగ్గురికీ పరీక్షలు చేసి టీకాలు వేశారు. అత్తకు నెల్లూరు ఆసుపత్రిలో మూడు వారాలకొకసారి సెలైన్‌లో మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

డిగ్రీలో జువాలజీ చదివాను. లైబ్రరీ నుంచి ఈ జబ్బు గురించిన పుస్తకాలు తెచ్చి, ఇంట్లోవాళ్ళు కంగారు పడతారని బట్టల పెట్టెలో చీరల కింద దాచుకుని చదివాను. మనం తిన్నదంతా పేగుల నుంచి రక్తంలో కలిసి ముందు కాలేయానికే చేరుతుంది. వచ్చిన ప్రతి కొత్తదాని మీదా అక్కడి రక్షణ కణాలు కయ్యానికి దిగితే మనిషి బతకడు. అందుకని అవి ఓర్చుకోవడం అలవాటు చేసుకుంటాయి. ఆ ఓర్పును ఆసరా చేసుకుని వైరస్ ఏళ్ళ తరబడి తిష్ఠ వేస్తుంది. రక్షణ కణాలు దాన్ని పూర్తిగా తరమలేవు, పూర్తిగా వదలవు. ఆ ఎడతెగని పోరులో కాలేయం గాయపడుతూ, మానుతూ, మళ్ళీ గాయపడుతూ ఉంటే ఎప్పుడో ఒక కణం దారి తప్పుతుంది. గడ్డ కూడా ఆ ఓర్పు చాటునే పెరుగుతుంది.

ఒకరోజు వంటింట్లో ఇదంతా అత్తకు చెప్పాను.

“అంటే నా లివరు మీ అమ్మ మాదిరన్నమాట,” అంది. “ఎవురేమన్నా నోరు మూసుకోని ఓర్చుకుంటాది.”

చేపలు కడుగుతున్న అమ్మ తలెత్తలేదు. “నీతో ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉంటే రాయికైనా ఓర్పు వస్తాది వదినా.”

మూడో విడత మందు ఎక్కించిన తర్వాత మూడో వారమే నేను చప్పుళ్ళు రాసుకున్న వారం. గురువారం పులుసులోకి మెంతులు తెమ్మని అమ్మ పంపితే డబ్బా అడుగంటి ఉంది. పోయిన వారమే దాన్ని నిండుగా పోసింది నేనే. వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్త.

“వేడి చేసిందిలేవే. మజ్జిగలో మెంతులేసుకోని తాగతా ఉండా. మీ అమ్మతో అన్నావంటే చూడు.”

“డాక్టరమ్మకన్నా చెప్పాలి కదత్తా.”

“చెప్తే మందు ఆపేస్తారు. ఆసుపత్రిలో నా పక్కన మందెక్కించుకునే ఆ మూల మంచం ఆమెకు ఇట్నే ఆపినారు. మళ్ళా కనిపించిందా?”

కనిపించలేదు. గదిలోకి వెళ్ళి డైరీ తెరిచాను. నాలుగు, ఐదు, ఏడు. నా అక్షరాలు ముత్యాల్లా, ఎంతో కుదురుగా ఉన్నాయి. వాటిని చూస్తే సిగ్గేసింది.

మర్నాడే నాలుగో విడత. బస్సు కొడవలూరు దాటేలోగా అత్త రెండుసార్లు కడుపు పట్టుకుంది. నేను చూస్తే కిటికీలోంచి వరినాట్లు చూపించి మాట మార్చింది.

“విరేచనాలు ఏమైనా అవుతున్నాయా?” అని అడిగింది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

“బెమ్మాండంగా ఉండా తల్లీ. ఏమీ లేదు.”

ఇన్ని నెలల్లో నేను ఆ గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. సంచిలోంచి డైరీ తీసి, ఆ పేజీ తెరిచి, బల్ల మీద పెట్టి గడియ లెక్క మీద వేలు ఆనించాను. దాని పై వాక్యం, ‘అత్త లేకపోతే ఈ ఇంట్లో సగం చప్పుళ్ళు ఉండవు.’ దాన్ని మూయడానికి నా చెయ్యి చాలలేదు. డాక్టరమ్మ అంతా చదివింది. నా ముఖంలోకి ఒకసారి చూసి అత్త వైపు తిరిగింది. “ఒంట్లో వేడి తల్లీ, అంతే,” అని నసిగింది అత్త.

“ఇది వేడి కాదమ్మా. మీ ఒంట్లో కాపలా కణాలుంటాయి. గడ్డ వాటికి కళ్ళెం వేసి కూర్చుంది. మా మందు ఆ కళ్ళెం తీస్తుంది. తీస్తే అవి గడ్డతో పాటు మీ పేగుల మీద కూడా పడ్డాయి. ఇది దాచి ఇవాళ మందు ఎక్కించుకుంటే ప్రాణం మీదికి వచ్చేది.”

“అయితే ఆపేస్తారా?” అత్త గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

“ఇవాళ్టికి ఆపుతాను. మాత్రలు ఇస్తాను, కణాలు కాస్త నెమ్మదిస్తాయి. తగ్గాక మళ్ళీ మొదలుపెట్టొచ్చేమో చూద్దాం.”

తిరుగు బస్సు కొడవలూరు దాటాక అత్త కిటికీ వైపే చూస్తూ, “నీకు నోట్లో నాలికే లేదనుకుంటిని. పుస్తకంలో దాచిపెట్టినావా?” అంది.

కోపమో మెచ్చుకోలో తెలియలేదు. కాసేపటికి నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

ఆ తర్వాత డైరీలో గడియ మూడైంది, రెండైంది. రెండు విడతలు తప్పిపోయాక మందు మళ్ళీ మొదలైంది. మొన్నటి స్కానులో గడ్డ చిన్నదైంది. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. గడ్డ నుంచి విడిపోయిన కణాలు రక్తంలో పడి ఊపిరితిత్తులకు వెళ్ళాలని చూస్తాయనీ, కాపలా కణాలు మెలకువగా ఉంటే చాలావాటిని దారిలోనే పట్టేస్తాయనీ డాక్టరమ్మ చెప్పింది.

“రేవులో నన్ను తప్పించుకోని ఎవురన్నా చేపల గంప దాటించినారా?” అంది అత్త, అదంతా తన ఘనతే అన్నట్టు.

రేపేమిటో డాక్టరమ్మా చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ మూల మంచం ఆమె సంగతి ఇప్పటికీ తెలియదు. కానీ అత్త మళ్ళీ నెత్తళ్ళ మీద కాకుల్ని తోలుతోంది, ఉప్పు తక్కువైందని అమ్మతో పేచీ పెడుతోంది. నాకిది చాలా బాగుంది.

పోయిన ఆదివారం నాయన ఆ గడియకు నూనె వేయబోతే అత్త పడనివ్వలేదు. ఈ పొద్దున నేను వసారాలో డైరీ ముందేసుకుని కూర్చున్నాను. గడియ కీచుమంది, కాసేపటికి మళ్ళీ కీచుమంది. అత్త బయటికొచ్చి, చేతులు కడుక్కుంటూ, వీధంతా వినబడేలా కేకేసింది.

“ఒకటేనే! రాసుకో!”