మూపురం లేని ఆవుల కోసం మిసిసిపీకి

ఒంగోలు పక్క పల్లెలో పుట్టి, పశువైద్యం చదివి, న్యూజెర్సీ పిస్కాటవేలో ఒక ల్యాబ్‌లో ఎలుకలకు సూదులు పొడుస్తున్న నాకు, ఎనభైల మొదట్లో ఒక వేసవిలో మిసిసిపీ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి పైన్ అడవుల్లో అరుదైన నేటివ్ ఆవుల మందలు కొన్నే మిగిలాయట. వాటిలో ఏది అసలు జాతో, ఏది కాదో తేల్చాలట. మన దేశపు పశువుల రక్తం ఆ మందల్లో కలుస్తోందని వాళ్ల అనుమానం. దాన్ని ఒంగోలు వాడైతే ఇట్టే పసిగడతాడని ఎవరో చెప్పారు. అంటే, మనవాళ్లను పట్టించడానికి మనవాణ్ణే పిలిచారు. గౌరవమే కదా అని ఒప్పుకున్నాను.

"లీవ్ పెట్టి మరీ ఆవుల్ని చూడ్డానికి వెళ్తారా? గ్రీన్ కార్డ్ ఫామ్ ఇంకా ఫిల్ చెయ్యనే లేదు," అంది మా ఆవిడ సరళ, పులిహోర డబ్బాలో సర్దుతూ.

"డాడీ, ఆవులకి బ్యూటీ కాంటెస్టా?" అని మా తొమ్మిదేళ్ల లత అడిగింది.

"కాదమ్మా, ఇమిగ్రేషన్ ఆఫీసు," అన్నాను.

మధ్యాహ్నం మూడింటికి న్యూఆర్క్‌లో రైలెక్కాను. మర్నాడు సాయంత్రం దాకా అదే సీటు. వెళ్లదలచినవారు దుప్పటి తీసుకెళ్లండి, బయట ఎంత ఎండ కాసినా పెట్టెలో చలికాలమే. రైల్లో అమ్మే శాండ్‌విచ్ గురించి చెడ్డగా చెప్పను, అట్టముక్క ఇష్టపడేవాళ్లకు బాగానే ఉంటుంది. పులిహోర నన్ను అట్లాంటా దాకా కాపాడింది. పక్క సీటు పెద్దాయన టోపీ సర్దుకుని పలకరించాడు.

"ఎక్కడివారు?"

"న్యూజెర్సీ."

"అది కాదు. అసలు ఎక్కడివారు?"

ఇండియా అన్నాక తృప్తిగా కళ్లు మూసుకున్నాడు.

నాలుగున్నరకు హాటీస్‌బర్గ్‌లో దిగాను. పశుపోషకుల సంఘం కార్యదర్శి బిల్ పికప్ ట్రక్‌తో వచ్చాడు. ఈ నేటివ్ ఆవులు కూడా నాలుగైదు వందల ఏళ్ల కిందట స్పెయిన్ ఓడల్లో వచ్చినవేనని దారిలో చల్లగా చెప్పాడు. అన్నాళ్లు నిలదొక్కుకుంటే నేటివ్ అయిపోవచ్చన్నమాట. నాకు అమెరికాలో అది పదకొండో ఏడు. మోటెల్ గది శుభ్రంగా ఉంది. టీ అడిగితే మాత్రం ఐసు వేసి ఇచ్చారు.

మర్నాడు పొద్దున ఏడింటికి మొదలుపెట్టి రెండు మందలు చూశాం. చిన్నచిన్న ఆవులు, ఒళ్లంతా మచ్చలు, బల్లలాంటి వీపులు. వాటిని చూస్తే జాలేసింది.

"మూపురం లేదు, గంగడోలు వేలాడదు, చెవులు పొట్టి," అని పెదవి విరిచాను.

"వెరీ గుడ్, వెరీ గుడ్," అంటూ బిల్ ఒక్కోదానికి ఒక్కో టిక్కు పెట్టుకున్నాడు. మా నాన్న సంతలో వంక పెట్టే లక్షణాలన్నీ ఇక్కడ ఫస్టు క్లాసు మార్కులు.

పదకొండింటికి మూడో మంద. యజమాని రూత్, డెబ్బై రెండేళ్ల మనిషి, ఒంటరిది, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. ఆమె ఆబోతు ఈ పరీక్ష తప్పితే దాని దూడలన్నీ తప్పినట్టేనని, అప్పుడు మందలో చాలా భాగం కోతకు పోవాల్సిందేనని బిల్ ముందే చెప్పాడు.

"మా తాత నాటి నుంచి ఈ కంచెలోకి బయటి ఆబోతు రాలేదు, డాక్టర్," అంటూ గేటు తీసింది రూత్.

చెట్ల నీడలోంచి ఆబోతు వచ్చింది. లేత బూడిద రంగు. మెడ వెనక బోర్లించిన చెంబంత మూపురం, నడుస్తుంటే ఊగే గంగడోలు. పదకొండేళ్లుగా నాకు ఇంత అందమైన జీవం కనబడలేదు. నాకు తెలియకుండానే దగ్గరికి వెళ్లి, మూపురం నిమిరి, ఆ చెయ్యి కళ్లకు అద్దుకున్నాను.

"మా బంగారు గిత్త," అని తెలుగులోనే అన్నాను కూడా.

అప్పుడు గుర్తొచ్చింది, నేను దేనికి వచ్చానో. తిరిగి చూస్తే బిల్ కలం పట్టుకుని నిలబడ్డాడు. అది ఉత్త మెడకండ అని చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"ఏం చెప్పనక్కర్లేదు," అంది రూత్. "మూడేళ్లుగా దీన్ని ఎంతమందో చూశారు. ఇంత ప్రేమగా ఎవరూ చూడలేదు. నీ మొహం చూడగానే తెలిసిపోయింది."

ఎప్పుడో ఎవరి ఆబోతో కంచె దూకింది. దూకిన ఆబోతుకూ పడలేదు, నిజం పట్టించిన నాకూ పడలేదు, శిక్ష ఆమెకు పడింది. ఈ గిత్త దూడల్నీ, అనుమానం కింద దీని తల్లినీ తీసేస్తే, దీనికన్నా ముందు పుట్టిన ఆవులు ఆరు మిగిలాయి. ఆ వయసులో ఆరు ఆవులతో మళ్లీ మొదలుపెట్టాలి. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఫారం మీద 'అసలు జాతి కాదు' అని రాసి సంతకం పెట్టాను. ఆమె మాత్రం వంటింట్లోకి వెళ్లి, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు సంచెడు తెచ్చి నా చేతిలో పెట్టింది. అచ్చం మా ఊళ్లోలాగే ఉప్పు ఎక్కువ.

మర్నాడు పొద్దున తిరుగు రైలు. ఆ దారిన వెళ్లేవారికి చెప్పేది ఒక్కటే: ఊళ్లు మంచివి, మనుషులు మర్యాదస్తులు, పుట్టుక గురించి పట్టింపు పశువుల దాకానే ఉందని వాళ్ల నమ్మకం. ఎదుటి సీటావిడకు కాసిని వేరుశెనక్కాయలు పెట్టాను. వలుచుకుంటూ అడిగింది.

"ఎక్కడివారు?"

"న్యూజెర్సీ."

"అబ్బే, అసలు ఎక్కడివారు?"

"ఒంగోలు," అన్నాను. "మూపురం కనబడటం లేదా?"

ఆవిడ మర్యాదగా పక్కకు వంగి నా వీపు వంక చూసింది.