ద్రవ్యరాశి మావయ్య

మా మావయ్య చెవిన ‘బరువు’ అన్న మాట పడిందంటే ఇక అన్నవాళ్ళ పని అయిపోయినట్టే. పెరట్లో ఉన్నా, స్నానాల గదిలో ఉన్నా, మంచి నిద్రలో ఉన్నా సరే, “బరువు కాదు, ద్రవ్యరాశి!” అని కేక వినబడేది. ఆయన హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేవాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది, ఆ పాఠం ఇంటికి కూడా పట్టుకొచ్చేవాడు. నాన్న పోయాక అమ్మ నన్ను చంకనేసుకుని ఈ అన్నగారింటికే వచ్చింది కాబట్టి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కేకలు వింటూనే పెరిగాను.

ఆయనతో కూరగాయలకు వెళ్ళడమంటే పరువు ఇంట్లో పెట్టి వెళ్ళడమే.

“ఒక కిలో ద్రవ్యరాశి గల బంగాళాదుంపలు ఇవ్వవయ్యా.”

కొట్టతను పాపం బస్తాల వెనక్కి వెళ్ళి వెతికొచ్చాడు. “ఆ రకం రాలేదండీ. మామూలువే ఉన్నాయి.”

“మామూలువాటికీ ఉంటుందయ్యా! ఇవే దుంపలు చంద్రుడి మీదికి తీసుకెళ్ళావనుకో, బరువు ఆరోవంతుకి పడిపోతుంది. ద్రవ్యరాశి మాత్రం చెక్కుచెదరదు.”

“అంత దూరం మేం పంపించలేమండీ” అన్నాడతను, చేతులు జోడించి.

ఒకసారి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నర్సు ఆయన్ని మిషనెక్కించి “బరువు డెబ్బై” అంది. అంతే, ఒళ్ళు కాలిపోతున్న మనిషి నిటారుగా నిలబడ్డాడు. “అది ద్రవ్యరాశి తల్లీ. బరువంటే భూమి నన్ను తన వైపు లాక్కునే బలం. ఆరు వందల ఎనభై ఆరు న్యూటన్లు. రాసుకో.” ఆ పిల్ల న్యూటన్లు వదిలేసి అంకె మాత్రం రాసుకుంది. డాక్టరు చీటీ చూశాడు, గది తలుపు చూశాడు, “ఈయన ఇందులోంచి ఎలా పట్టారు?” అన్నాడు.

రేడియోలో నాటకం విని అత్తయ్య “గుండె బరువెక్కిపోయిందే” అని కళ్ళొత్తుకుంటే, “గుండె ద్రవ్యరాశి పావుకిలో, మహా అయితే ఇంకాస్త. ఏడిస్తే పెరగదు” అన్నాడు పక్క గదిలోంచి. అత్తయ్య కళ్ళొత్తుకోవడం మానేసి గరిటె కోసం వెతికింది. హెడ్మాస్టరుగారు రిటైరైనప్పుడైతే “ఈ పాఠశాల ద్రవ్యరాశి బాధ్యతలు మోసిన మహానుభావుడు” అని పొగిడాడు. ఆ మహానుభావుడు తనను తిట్టారనుకున్నాడు.

ఇలా రోజులు గడుస్తుండగా పక్కింట్లోకి కొత్తగా ఒకావిడ దిగింది. పరిచయం చేసుకోవడానికి వచ్చి, అమ్మ ఎదురుగానే అత్తయ్యతో అంది: “పాపం మాస్టారు! తన సంసారం చాలదన్నట్టు చెల్లెలి బరువు కూడా నెత్తిన పడింది.”

లోపల్నుంచి “ద్రవ్యరాశి!” అంటూ మావయ్య వచ్చేశాడు. కుర్చీ లాక్కుని, గురుత్వాకర్షణ దగ్గర మొదలుపెట్టి, ఆవిడ “పొయ్యి మీద పాలు” అని పారిపోయేదాకా వదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. అమ్మని అంత మాటంటే, ఈ మనిషికి పాఠం దొరికిందా!

మర్నాడు పొద్దున అమ్మ బట్టలు సంచిలో సర్దేసింది.

“హాస్టల్లో కుట్టుపని ఉందట అన్నయ్యా, గది కూడా ఇస్తారట. పిల్లని తీసుకుని వెళ్తాను. ఎన్నాళ్ళని నీకు బరు...” పాఠం భయానికి మిగతా మాట మింగేసింది.

అత్తయ్యను, ఆ ఇంటిని వదిలి నేనెక్కడికి పోను? మావయ్య తన స్కూలు సంచిలోంచి రెండు స్ప్రింగు త్రాసులు తీశాడు. కొక్కేనికి కొక్కెం తగిలించి, ఒకటి అమ్మ చేతిలో పెట్టాడు.

“వెళ్ళేదానివి వెళ్ళు. ఒక్కసారి ఇది లాగి వెళ్ళు.”

“ఇప్పుడా అన్నయ్యా!”

“ఇప్పుడే. లాగు.”

అమ్మ కోపంగా లాగింది. ఆయన కదల్లేదు.

“నీ ముల్లు ఎంత చూపిస్తోంది?”

“ఇరవై.”

“నాదీ ఇరవై. ఇంకా గట్టిగా.”

“ముప్ఫై.”

“నాదీ ముప్ఫై. నేను నిన్నెంత లాగుతున్నానో నువ్వూ నన్నంతే లాగుతున్నావు. ఇందులో ఎవరు ఎవరి నెత్తిన పడ్డట్టే?”

“నువ్వు చెప్తావులే. మోసేది నువ్వేగా.”

“మోస్తే నా త్రాసులో ఎక్కువ చూపించాలిగా? భూమంత భూమే మనిషిని తను ఎంత లాగుతుందో ఆ మనిషి చేత అంతే లాగించుకుంటుంది, నేనెంత!” ఆయన గొంతు తగ్గింది. “నువ్వు వెళ్ళిపోతే నాకు బాగుండదే చెల్లీ. అదీ సంగతి.”

అమ్మకి ఏడుపు రాబోయి నవ్వొచ్చేసింది. ఆ నవ్వుకి చెయ్యి ఊగితే రెండు ముళ్ళూ కలిసి ఊగాయి. ఇక ఎక్కడికీ వెళ్ళడం లేదని నాకు అర్థమైపోయింది. ఆమె మనసు మారేలోపు బట్టల సంచి లోపల పెట్టేద్దామని మావయ్య గబగబా దాన్ని ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు.

“అమ్మో! ఏం పెట్టావే ఇందులో, ఇంత బరువుంది!”



“బరువన్నావు! మావయ్యా, బరువన్నావు!” నేను ఎగిరి గంతేశాను. ఇన్నేళ్ళకు దొరికాడు దొంగ!

అత్తయ్య పడీ పడీ నవ్వింది. “మీరు రాకముందు ఈయన రోజంతా బరువు బరువనే అనేవారు, పాఠంలో తప్ప. మీ అమ్మ వచ్చిన కొత్తలో వంటింట్లో నాతో ‘మీకు బరువైపోయాను వదినా’ అంది. అది ఈయన చెవిన పడింది. ఆ రోజు పట్టుకుంది ఈ శాస్త్రం. ఇక ఈ ఇంట్లో ఎవర్నీ ఆ మాట పూర్తిగా అననిస్తేగా!”

అమ్మ సంచి సంగతి మరిచిపోయి అన్నగారి వంక అలాగే చూస్తుండిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. త్రాసుల కొక్కేలు విడదీస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా గొణిగాడు:

“అదేం కాదు. ఆ ఏడు సిలబస్ మారింది.”