తడి పడుగు

కింద ఇస్త్రీబండి అతను నూలు చీరకు గంజి చల్లినప్పుడల్లా ఆ పుల్లటి వాసన మా మేడమీదికి వస్తుంది. ఎనభైకి దగ్గరపడ్డాను, ఇప్పటికీ లేచి కిటికీ మూసేస్తాను. ఆ వాసనతో పాటు రంగయ్య మామ గుర్తొస్తాడు, ఆయన గుర్తొస్తే ఆ రోజు నాకు అన్నం సయించదు.

నేను నెల్లూరు పక్క నుంచి కోడలిగా వచ్చింది ఆంధ్ర వేరుపడిన కొత్తలో. మా అత్తవారి ఊరు తిరువొత్తియూరు అప్పటికింకా మద్రాసు పట్నంలో కలవలేదు. మా ఊరి గుడి వయసు ముందు పట్నం నిన్న మొన్నటిది. మనూరు తాత, పట్నం మనవడు అని పక్కింటి రంగయ్య మామ గొప్పగా చెప్పేవాడు. తాతగారికి జబ్బు చేస్తే మాత్రం మనవడి దగ్గరికే పరిగెత్తాలి, పెద్దాసుపత్రి ఉన్నది అక్కడే మరి. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే ఆయనకు కోపం వచ్చేది.

మా వీధంతా తెలుగు నేతగాళ్ళు. మేం నేసిన గళ్ళ రుమాళ్ళు ఓడలెక్కి ఆఫ్రికా పోయేవి. తెల్లవారగానే వీధి పొడవునా నిలువు పోగుల పడుగు సాగదీసి, పోగులకు గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవాళ్ళం. పక్కన ఒక మనిషి గోడకు ఆనుకుని పోయేంత చోటే మిగిలేది. పెళ్ళి ఊరేగింపైనా, శవమైనా పడుగు ఆరేదాకా ఆగాల్సిందే. వీధికి పెద్ద రంగయ్య మామ. పుట్టింట్లో మగ్గం ముట్టని నాకు తెగిన పోగు అతకడం నేర్పింది ఆయనే. నా వేళ్ళు తడబడితే తిట్టేవాడు కాదు, తానే అతికి, మళ్ళీ తెంచి నా చేతికిచ్చేవాడు. ఆయన్ని నేను మా నాన్నకంటే ఎక్కువ నమ్మాను.

అరుగులు కొట్టి వీధి వెడల్పు చేస్తాం, బస్సు వస్తుంది అని ఊరి ఆఫీసువాళ్ళు రెండుసార్లు వచ్చారు. వీధి పోతే మగ్గం పోయినట్టేనని చెప్పి ఆయన వాళ్ళను మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించాడు. మేమంతా ముచ్చటపడ్డాం.

ఆ చలికాలంలో ఆయన కూతురు సుబ్బులు కాన్పుకు వచ్చింది. అల్లుడిది పెరంబూరు రైలు వర్క్‌షాపులో పని. ఒకరోజు పొద్దున్నే గంజి పట్టించి సగం దువ్వామో లేదో, మంత్రసాని బయటికొచ్చి బిడ్డ అడ్డం తిరిగింది, పట్నం తీసుకుపొమ్మంది. ఎవరో పరిగెత్తి జట్కా తెచ్చారు. అది వీధి చివర్నే ఆగిపోయింది. పిల్ల నడవలేదు. మంచం మీద మోసుకుపోదామంటే గోడ పక్కన మంచం పట్టదు, చేతులమీద ఎత్తుకుపోయేంత చోటూ లేదు. మధ్యలో తడి పడుగు.

తడి మీద వదులు చేస్తే పోగులన్నీ అతుక్కుని పడుగు చెడిపోతుంది. దువ్వుకుంటూ, ఆరనిస్తూ, కొంచెం కొంచెంగా చుట్టాలి. తెంచి దారి ఇవ్వాలా అని అందరం ఆయన మొహం చూశాం.

"తెంచకండ్రా," అన్నాడు. "ఆరిళ్ళ కూడు అది. దువ్వుతా చుట్టండి. అంతసేపు పిల్ల ఓర్చుకుంటాది."

చుట్టాం. లోపల్నుంచి సుబ్బులు కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. నేనూ కుంచె పట్టాను. ఒక్క పోగు తెగలేదు. ఆ పనితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. జట్కా కదిలేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆసుపత్రి చేరకముందే, తండయారుపేట దగ్గర, తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

దినాలయ్యాక రంగయ్య మామ తనంతట తానే ఆఫీసుకు నడిచిపోయి రోడ్డు కాగితం మీద మొదటి సంతకం పెట్టాడు. వీధిని పట్నానికి అప్పగించేశాడని జనం తిట్టిపోశారు. అరుగులు పోయాయి, బస్సు వచ్చింది, నేతగాళ్ళు ఒక్కొక్కరే ఫ్యాక్టరీల్లో చేరారు. ఆయన మళ్ళీ మగ్గం మీద కూర్చోలేదు.

ఒక సాయంత్రం మజ్జిగ ఇవ్వబోతే, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ పొద్దు నా బుద్ధి గడ్డి తినింది, సరి. ఆడ అంతమంది ఉంటిరే. నువ్వన్నా నా మాట ఎందుకు వింటివమ్మా?"

"మీరు చెప్పారని, మామా," అన్నాను.

ఆయన మజ్జిగ తాగలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నాతో సరిగా మాట్లాడలేదు, నేనూ ఆయన్ని తప్పుపట్టలేదు. నాకు ముగ్గురు పిల్లలు పుట్టారు. పొగరు నేర్పుతున్నానని మా అత్త చచ్చేదాకా సాధించింది, అయినా పెద్దలు చెప్పినట్టు వినమని ఆ ముగ్గురిలో ఒక్కరికీ నేను ఏనాడూ చెప్పలేదు.