మెల్లగా మాస్టారి రేసు కారు

ఆయన అసలు పేరు డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఉండేది. ఎండకీ వానకీ ఆ అక్షరాలు వెలిసిపోయి చాలా కాలమైంది. దానివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు, ఎందుకంటే అందరికీ ఆయన మెల్లగా మాస్టారే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్రైవరు పక్క సీట్లో కూర్చుని ఆయన అనే మాట అదొక్కటే. క్లచ్ మెల్లగా వదలాలి, స్టీరింగ్ మెల్లగా తిప్పాలి, ఎదురుగా లారీ వస్తే భయపడటం కూడా మెల్లగానే పడాలి. ఇంట్లో భార్య కాఫీ కప్పు అందిస్తున్నా నోట్లోంచి వచ్చేది అదే. ఆవిడా అదే స్కూల్లో ఆడవాళ్ళకి డ్రైవింగ్ నేర్పేది కాబట్టి, "నేనేం మీ స్టూడెంటుని కాదు," అని కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది.

శిష్యుడు తనని దాటిపోతే గురువుకి అంతకన్నా ఆనందం ఉండదని సన్మాన సభల్లో చెబుతుంటారు. చెప్పేవాళ్ళు ఒక్కసారి మాస్టారి కారెక్కి ఊళ్ళో తిరిగి చూడాలి. లైసెన్సు చేతికొచ్చిన మర్నాటి నుంచే ఆయన శిష్యులు ఆయన్ని దాటేసేవారు. ఊరికే దాటేవారా? హారను కొట్టి, అద్దం దించి, "బాగున్నారా మాస్టారూ!" అని అరిచి మరీ దాటేవారు. ఆయన జవాబు చెప్పేలోపు మలుపు తిరిగిపోయేవారు. ఆయన గాల్లోకి చెయ్యి ఊపి, స్టీరింగ్ పట్టుకుని వణుకుతున్న కొత్త మనిషితో "మెల్లగా" అనేవారు.

అసలు దిగులు మాత్రం వేరే. ఇన్నేళ్ళ డ్రైవింగ్ స్కూల్లో ఆయన డ్రైవింగ్ చేసింది బహు తక్కువ. స్టీరింగ్ ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉండేది. ఆయనకి దక్కింది పక్క సీటూ, ఆ సీటు కింద అదనంగా బిగించిన బ్రేకు పెడలూ. ఎవరో ఎక్కడికో పోతుంటే ఆపడం ఆయన వృత్తి.

స్కూలు పాత కారు ఇక పాఠాలకి పనికిరాదని తేలిన రోజున, ఆయన భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నారు.

"ఆ బండిని తుక్కువాడికి ఇచ్చెయ్యొద్దు. రేసు కారు చేయిస్తాను."

ఆవిడ తింటున్నదల్లా ఆగింది. "మరి నడిపేదెవరు?"

"నేనే."

ఆవిడ నవ్వలేదు. నవ్వితే బాగుండునని ఆయనకి అనిపించింది. చివరికి ఆవిడ అంది: "సరే. ఈ ఒక్క సీజను. ఆ లోపల మీరు రేసులోకి వెళ్ళగలిగితే వెళ్ళండి. లేకపోతే బండి తుక్కువాడికి వెళ్తుంది. తర్వాత ఇంట్లో ఆ మాట వినబడకూడదు."

ఊరి బయట, విమానాలు దిగడం మానేసిన మైదానంలో ఒక క్లబ్బు వారాంతపు రేసులు నడిపేది. వారమంతా పళ్ళు పీకే డాక్టరూ, బట్టల కొట్టు యజమానీ, బ్యాంకు మేనేజరూ ఆదివారం పూట హెల్మెట్లు పెట్టుకుని వీరులయ్యే చోటది. రూలు ఒక్కటే. ప్రాక్టీసు రోజుల్లో ఏదో ఒక చుట్టయినా రెండు నిమిషాల లోపు తిరిగినవాళ్ళకే సీజను చివరి రేసులో చోటు.

కారు పని బావమరిది నెత్తిన వేసుకున్నాడు. ఆవిడ తమ్ముడే. గ్యారేజీ ఉంది, చేతిలో పని ఉంది, నోటికి మాత్రం బ్రేకు లేదు.

"బావా, రేసంటే ఇంజను అనుకుంటావు. కాదు, బరువు. బరువు తీశామా, బండి పిట్టలా పోతుంది."

తియ్యడం మొదలుపెట్టారు. ముందు కారు కప్పు మీది స్కూలు బోర్డు పోయింది. తర్వాత వెనక సీటు, కార్పెట్లు, తలుపుల లోపలి అట్టలు, ఏసీ, స్పీకర్లు, స్టెప్నీ, పక్క అద్దాలు, ఇండికేటర్లు. పీకిన కొద్దీ బావమరిదికి హుషారు పెరిగింది. కొన్నాళ్ళకి కారు లోపల రేకూ తీగలూ మిగిలాయి. అప్పుడు, బోల్తా పడితే తల పగలకుండా లోపల ఉక్కు పైపుల పంజరం బిగించాలని క్లబ్బు వాళ్ళు చెప్పారు. అంతకాలం తీసిన బరువులో సగం ఆ పంజరంతో తిరిగొచ్చింది. రేసు తయారీ అంటే ఇదేనని, ఇందులో తర్కం వెతికేవాడు ఇంట్లో కూర్చోవడం మేలని బావమరిది తేల్చాడు.

"ఇక మిగిలింది ఒక్కటే బావా."

"ఏంట్రా?"

"నీ పొట్ట."

పక్క సీటూ, దాని కింది బ్రేకూ కూడా పీకబోతుంటే ఆవిడ అడ్డుపడింది. ప్రాక్టీసులో పక్కన మనిషిని ఎక్కించుకోవచ్చు. స్టాప్‌వాచీ పట్టుకుని టైము చెప్పడానికి ఒకరు కావాలి. బావమరిది ఎక్కితే రెండు స్పేరు ఇంజన్లు ఎక్కినట్టే. ఇంట్లో తేలికైన మనిషి ఆవిడే.

"ఎక్కుతాను. కానీ నా వైపు బ్రేకు ఉండాలి," అంది.

"దేనికక్కా? నొక్కుతావా ఏంటి?"

"నొక్కను. ఉండాలి అంతే. అది లేని బండిలో ఆ సీట్లో నేనెప్పుడైనా కూర్చున్నానా?"

మాస్టారికి ఆ కోరిక చాలా సహజంగా కనిపించింది. ఆ సీట్లో కాలి కింద పెడలు లేకుండా కూర్చోవడం, ఆయన దృష్టిలో, రెయిలింగు లేని బాల్కనీలో నిలబడటమే. పెడలు ఉండిపోయింది.

మొదటి ప్రాక్టీసు రోజున రెండు నిమిషాలు దాటి చాలా సేపటికి గానీ ఆయన చుట్టు పూర్తి కాలేదు. అయినా దిగేటప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"ఒరేయ్, ఈ బండి నా మనసు కనిపెట్టేసిందిరా. మలుపు వస్తోందంటే చాలు, తనంతట తనే ఒదిగిపోతోంది. నేను స్టీరింగ్ తిప్పితే చాలు."

"అదే మరి బావా! బరువు తగ్గితే బండికి తెలివొస్తుంది," అన్నాడు బావమరిది, ఏమీ తెలియకపోయినా.

తెలివొచ్చిన బండి వేగం మాత్రం పెంచలేదు. రెండోసారికి టైర్లు మార్చారు. మూడోసారికి ఇంజను విప్పి బిగించారు. పెట్రోలు మంచిది కాదన్నారు, గాలి ఎదురుగా వీచిందన్నారు, మైదానం వాలుగా ఉందన్నారు. తలుపులకి చిల్లులు పొడిచి ఇంకాస్త రేకు తగ్గించారు. ప్రతి చుట్టుకీ ఆవిడ స్టాప్‌వాచీ చూసి, జ్వరం చెప్పే నర్సులా, అంకె చదివేది. రెండు నిమిషాల గీత అలాగే ముందు నిలబడి ఉండేది. పళ్ళ డాక్టరు ఆయన్ని ప్రతి చుట్టులోనూ దాటిపోయేవాడు. పాపం, అతను కూడా పాత శిష్యుడే. రేసు కారుకి హారను లేదు కాబట్టి కొట్టలేదు.

అలా ఆఖరి ప్రాక్టీసు రోజు వచ్చింది. ఆ పూట చుట్టు కుదరకపోతే సీజనూ బండీ కలిసి పోతాయి. పొద్దుటి చుట్లు అలవాటు ప్రకారమే నడిచాయి. అయితే టీ కప్పు పట్టుకుని మొదటి మలుపు దాకా నడిచి వెళ్ళిన బావమరిది పరుగెత్తుకుంటూ తిరిగొచ్చాడు.

"ఏంటి బావా, మలుపు ఇంకా అల్లంత దూరాన ఉండగానే బ్రేకు కొట్టేస్తున్నావు? వెనక ఎర్ర లైట్లు వెలిగి చస్తున్నాయి!"

"నేనా? బ్రేకు మీద కాలే పెట్టలేదు."

"మరి లైటు ఊరికే వెలుగుతుందా?"

ఇద్దరు మగవాళ్ళూ మూడో మనిషి బూటు వైపు చూశారు.

"నేను నొక్కలేదు," అంది ఆవిడ. ఆ వెంటనే, తన కాలిని తనే కొత్తగా చూస్తున్నట్టు వంగి, "నొక్కానా?" అంది.

"ప్రతి చుట్టులోనూ నొక్కావక్కా!"

"నాకు తెలిసి నొక్కలేదురా. అదే నొక్కింది."

మాస్టారికి కోపం రావడానికి టైము పట్టింది. ఆయన దగ్గర అన్నీ అలాగే వచ్చేవి. వచ్చాక మాత్రం బాగానే వచ్చింది. ఇన్ని వారాలు, ఇన్ని టైర్లు, తలుపులకి పొడిచిన ఇన్ని చిల్లులు! అన్నిటికన్నా గుచ్చుకున్నది పైకి చెప్పుకోలేనిది. మలుపుల్లో బండి తన మనసు కనిపెట్టిందని ఊరందరికీ చెప్పుకున్నారే, కనిపెట్టింది బండి కాదు.

"ఆ పెడలు తీసిపారెయ్. నేనొక్కణ్ణే వెళ్తాను."

ఆవిడ సీట్లోంచి దిగింది. బావమరిది పెడలు విప్పాడు. మాస్టారు ఒంటరిగా బయల్దేరి, తన జీవితంలోకెల్లా వేగంగా మొదటి మలుపు దగ్గరికి వెళ్ళి, బండి ఒదగడం కోసం ఎదురుచూశారు.

అది ఒదగలేదు. కారు ట్రాకు దాటి, గడ్డి దాటి, ఆపడానికే పోసిన కంకర కుప్పలో ముక్కు దూర్చి ఆగింది. దుమ్ము అణిగాక చూస్తే, ఆయన స్టీరింగ్ పట్టుకుని, వేలమందికి నేర్పిన పద్ధతిలో, నిటారుగా కూర్చుని ఉన్నారు. బ్రేకు మీద కాలు లేదు. ఆ సంగతి ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది.

తాడు కట్టి బండిని లాగారు. ముందు బంపరు ఊడింది తప్ప ఇంకేమీ కాలేదు. "అదీ బరువేగా," అని బావమరిది ఓదార్చాడు.

మధ్యాహ్నం విరామంలో, కార్లు ఆగినప్పుడు, ట్రాకు మీద నడవనిచ్చేవారు. మాస్టారు భార్య దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. క్షమాపణ అడగడం ఆయనకి రాదు, దారి అడగడం వచ్చు.

"ఎక్కడెక్కడ నొక్కావో చెప్తావా?"

"నాకేం తెలుసు? కాలికి తెలుసు."

"అయితే కాలు తీసుకుని రా."

ఇద్దరూ మొదటి మలుపు వైపు నడిచారు. కొంత దూరం వెళ్ళాక ఆవిడ ఆగింది. "ఇక్కడ నాకు భయం వేసేది." ఆయన ఆ చోటు చూసుకున్నారు: తారు పగిలిన చిన్న బీట. అక్కణ్ణుంచి మలుపు దాకా ఇంకా బోలెడు నేల ఉంది. "ఇంకో పది అడుగులు పోయాక నొక్కినా చాలు కదా?" "నడిచేటప్పుడు చాలు." రెండో మలుపు దగ్గర ఆవిడ రంగు రాయి చూపించింది, మూడోదాని దగ్గర చెత్తడబ్బా. ఆవిడకి భయం వేసిన చోటు దాటి కాస్త ముందుకెళ్ళి తను బ్రేకు వెయ్యాలి. మాస్టారికి అర్థమైన రేసింగ్ శాస్త్రం మొత్తం ఇంతే. పుస్తకాల్లో దీన్ని బొమ్మలు గీసి చాలా పేజీలు రాస్తారు.

ఆఖరి మలుపు దగ్గర ఆవిడ ఆగకుండా నడిచేసింది.

"ఇక్కడో?"

"ఇక్కడ నేనెప్పుడూ నొక్కలేదు."

"అదేంటి, ఇక్కడే కదా అన్నిటికన్నా నెమ్మదిస్తుంది?"

"అది మీరే," అంది ఆవిడ, ఎదురుగా ఉన్న గొడుగు చూపించి.

గొడుగు కింద క్లబ్బు తరఫున టైము చూసే పెద్దాయన, చేతిలో కాగితాల అట్ట పట్టుకునే, అన్నం తింటున్నాడు. మాస్టారు ఆ అట్ట వైపు చూశారు. లైసెన్సు పరీక్షల మైదానంలో ఇన్‌స్పెక్టరు సరిగ్గా ఇలాగే అట్ట పట్టుకుని నిలబడతాడు. అట్ట మనిషి కనబడితే నెమ్మదించమని ఆయన ప్రతి శిష్యుడికీ చెప్పారు. అందరూ పాస్ అయ్యాక మర్చిపోయారు. మర్చిపోనిది ఆయనొక్కరే.

"ఆయన మిమ్మల్ని ఫెయిలు చెయ్యడండీ," అంది ఆవిడ. "మెల్లగా వెళ్తేనే చేస్తాడు."

సాయంత్రం, ట్రాకు మూసే ముందు, ఆఖరి చుట్టు. పగిలిన బీట దగ్గర ఆయనకీ భయం వేసింది. దాటారు. దాటాక బ్రేకు తొక్కారు, సొంత కాలితో. బండి ఒదిగింది. రంగు రాయి దాటింది, చెత్తడబ్బా దాటింది. ఫెన్సు దగ్గర ఆవిడ వాచీ వైపు చూస్తోంది, బావమరిది ఆవిడ భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. గొడుగు కనబడింది, అట్ట కనబడింది. మాస్టారి కాలు లేవబోయి, ఆగి, యాక్సిలరేటరు మీద అలాగే ఉండిపోయింది. ఎర్ర లైటు వెలగలేదు. బండి గొడుగుని దులిపేస్తూ గీత దాటింది.

"రెండు నిమిషాల లోపే!" బావమరిది ఫెన్సు ఎక్కి దూకాడు. ఆవిడ వాచీని చెవి దగ్గర పెట్టుకుని చూసింది, అది నడుస్తోందో లేదోనని.

మాస్టారు హెల్మెట్ తీసేసరికి పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. "టైము బాగుందండీ. కానీ చుట్టు చెల్లదు."

"ఎందుకు చెల్లదు?" బావమరిది ముందుకొచ్చాడు.

"బండి నడుస్తుండగా చెయ్యి గానీ కాలు గానీ బయట పెట్టకూడదు. ఆఖరి మలుపులో ఈయన చెయ్యి చాచి మరీ చూపించారు."

అందరూ మాస్టారి చేతి వైపు చూశారు. ఆయన కూడా చూశారు.

"ఎందుకు బయట పెట్టావు బావా?"

"మలుపు తిరుగుతున్నానుగా," అన్నారాయన నీరసంగా. "ఇండికేటర్లు నువ్వే పీకేశావు."

"వెనక పురుగు కూడా లేదు కదా!"

"ఉన్నా లేకపోయినా సిగ్నల్ ఇవ్వాలి."

పెద్దాయన అట్ట చంకలో పెట్టుకుని, రూలు తన చేతిలో లేదని చెప్పి వెళ్ళిపోయాడు. మైదానంలో ఒక్కొక్క కారే లారీల మీదికి ఎక్కుతోంది. బావమరిది గొడవ పెట్టుకుందామన్నాడు. మాస్టారు వద్దన్నారు. ఆవిడ వైపు చూడకుండా, తుక్కువాణ్ణి రేపే రమ్మందామా, ఎల్లుండి రమ్మందామా అని అడిగారు.

ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక సీటు లేదు, అద్దాలు లేవు, బంపరు లేదు, తలుపుల నిండా చిల్లులు. వేలితో రేకుని తట్టి చూసింది. అది డబ్బా చప్పుడు చేసింది.

"వాడు తూకానికి కొంటాడండీ. ఇందులో తూచడానికి మీరిద్దరూ ఏం మిగిల్చారు? ఇంత దూరం వచ్చి తీసుకెళ్ళడానికి వాడికేం పిచ్చా?"

ఆయన తలెత్తారు.

"ఉండనివ్వండి. ఇంకో సీజను చూద్దాం," అని తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, డ్రైవరు వైపు కిటికీకి జాలీ కొట్టు. వేలు కూడా దూరకూడదు."

"జాలీ బరువక్కా!"

"కొట్టరా," అంది ఆవిడ.