ముప్పై ఆరు గోడలు, ఒక చుక్క

ఇది ఒక వీరగాథ. గుట్టల్లో వేట, తుపాకుల మోత, ప్రాణాలకు తెగించిన జవాను, అన్నీ ఉంటాయి. కల్వకుర్తిలో బస్సు దిగిన రోజు నుంచి మీరంతా అడుగుతున్నది అదే కాబట్టి ముందుగా మీ ముచ్చట తీర్చాను. ఇక అసలు సంగతి. పదకొండు నెలల డ్యూటీలో నేను ఒక్క గుండు కూడా పేల్చలేదు. కొట్ల బోర్డులకు ఫోటోలు తీశాను.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం. నల్లగొండ జిల్లా చివర, ఆంధ్ర సరిహద్దుకు నాలుగు మైళ్ల ఇవతల ఒక పట్నం. పేరు చెప్పను, అక్కడివాళ్లకు నా మీద కోపం ఇంకా పోలేదు. లారీ దిగేసరికి ఉదయం పదిన్నర. నేల ఎర్రది, గాలి ఎర్రది, మధ్యాహ్నానికి హవల్దారు మీసాలూ ఎర్రవే. నా సామాను: రైఫిలు ఒకటి, గుండ్లు యాభై, మడత కెమెరా, మూడు కాళ్ల స్టాండు, ఒక్కోదానికి ఎనిమిది బొమ్మలొచ్చే ఫిల్ము రోళ్లు ఇరవై.

క్యాంపు పాత ముసాఫిర్ బంగళాలో. చుట్టూ ముళ్లకంచె, మూడు మూలలా ఇసుక బస్తాల మోర్చాలు, ఒకటే గేటు. సాయంత్రం ఆరు దాటితే బయట అడుగు పెట్టకూడదు. పగలైనా ఇద్దరు కలిసే వెళ్లాలి. ఊరు మమ్మల్ని తలుపు సందుల్లోంచి చూసేది, మేము ఊరిని బస్తాల సందుల్లోంచి చూసేవాళ్లం. ఎవరు ఎవరిని బంధించారో తేల్చుకోవడానికి పదకొండు నెలలు చాలలేదు.

రెండో రోజు క్యాప్టెన్ పిలిచాడు. ఉత్తరాది మనిషి, హిందూస్తానీలో మాట్లాడేవాడు. గోడల మీద రాత్రికి రాత్రి ఎర్ర జాజుతో, గుట్టల్లో దాగిన కమ్యూనిస్టు సంఘం నినాదాలు పడుతున్నాయి. ఊళ్లో పెయింటర్లు ముగ్గురు. ప్రతి నినాదానికీ, ప్రతి కొట్టు బోర్డుకూ ఫోటో తీయాలి, నంబరు వేయాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

"ఆ చెయ్యి నాకు కావాలి," అన్నాడు.

చెయ్యి ఒక్కటే చాలా, మిగతా మనిషి కూడానా అని అడగాలనిపించింది. ఆ వారమే ఊరివాళ్లను ఇద్దరిని జీపులో గుట్టల వైపు తీసుకెళ్లారు. జీపు మాత్రం తిరిగొచ్చింది.

పని మాత్రం నాకు నచ్చింది. నాకు జోడీ వైర్‌లెస్ ఆపరేటరు, గుంటూరు వైపువాడు. నేను ఫోటో తీస్తుంటే అతను రైఫిలు పట్టుకుని వెక్కిరించేవాడు. సైకిల్ షాపు గోడ మీద పులి సైకిలు తొక్కుతోంది, దాని ముఖంలో కిరాయి టైము దాటిపోతున్న భయం. మంగలి షాపు బోర్డు మీద సగం గడ్డం గీసిన పెద్దమనిషి. బట్టల కొట్టు బోర్డులో సగం ఉర్దూ, సగం తెలుగు, నడుమ ఒక చీరకట్టు ఆడమనిషి, కళ్లు చెవుల దాకా.

బంగళా స్నానాలగదే నా చీకటి గది. అక్కడ ప్రింట్లు తాడు మీద ఆరేసినప్పుడు చూశాను. నినాదాల అక్షరాలు ఎవరివో చెప్పలేం, కావాలని మొద్దుగా రాశారు. కానీ ప్రతి గోడకూ కుడివైపు కింద, మినపగింజంత నల్ల చుక్క. అదే చోట, అదే చుక్క, సైకిల్ షాపు పులి కిందా, బట్టల కొట్టు బోర్డు కిందా ఉంది. మిగతా ఇద్దరు పెయింటర్ల బోర్డుల మీద లేదు.

మర్నాడు పదకొండు గంటలకు, ఆ రెండు బోర్డులూ రాసిన ఎల్లయ్య కాక దుకాణానికి వెళ్లాం. యాభై అయిదేళ్ల మనిషి, సోడా షాపు బోర్డు రాస్తున్నాడు.

"కాకా, జాజుతోని గోడలు రాసేది నువ్వేనా?"

"రాసుడే నా పని బిడ్డ. రజాకార్లు అడిగిన్నాడు వాళ్లది రాసిన. సంగపోళ్లు అడిగితె వాళ్లది రాసిన. మీరడిగితె మీది రాస్త. ఎవ్వలు అడగకుంటె గిట్ల సోడ షాపుది రాస్త."

"మరి చుక్క ఎందుకు పెట్టినవే?"

కుంచె ఆగింది. "పెట్టిన్నా?"

"ముప్పై ఆరు గోడలకు. ఒక్కటి మర్వలే."

"నేను పెట్టలే. చెయ్యి పెట్టింది."

"విప్లవానికి దిష్టి తగుల్తుందనా ఏవిటి?" అన్నాడు ఆపరేటరు.

"సక్కగ రాసినంక చుక్క పెట్టకుంటె గోడ పగుల్తదయ్యా. గోడ ఎవ్వనిదైతేంది."

"ఊరిడిచి పో కాకా. శనివారం క్యాప్టెన్ ఫోటోలు చూస్తడు."

"యాడికి పోవాలె? బిడ్డ పురుటికొచ్చి ఇంట్ల ఉన్నది. గేటు కాడ మీరుంటిరి, గుట్టల వాళ్లుంటిరి. నడిమిట్ల నా నిచ్చెన ఉన్నది."

నెగెటివుల్లో చుక్కలు చెరపవచ్చు, గోడల మీదివి చెరపలేం. తిరిగొస్తుంటే ఆపరేటరే ఉపాయం చెప్పాడు. "ఒక్కడు పెడితే గుర్తు అవుద్ది. ఊరంతా పెడితే ఆచారం అవుద్ది. ఊరిచేత పెట్టించవోయ్."

నేను నేరుగా మంగలి షాపుకెళ్లి కూర్చున్నాను. చుక్క లేని కొట్టు బోర్డులకు దిష్టి కొడుతోందనీ, పొరుగూళ్లో ఒక సేటు మూడు రోజులుగా జ్వరంతో మూలుగుతున్నాడనీ చెప్పాను. గడ్డం సగంలో ఉండగానే ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మా వైర్‌లెస్ సెట్టు పన్నెండు మైళ్లకు మించి అందదు. మంగలి షాపుకు అలాంటి హద్దు లేదు. శుక్రవారానికల్లా కొట్లకు, తలుపులకు, బర్రెల నుదుళ్లకు, చివరికి ఠాణా బోర్డుకు కూడా చుక్కలు పడ్డాయి. మా గేటు బోర్డుకూ ఒకటి పడింది. సెంట్రీని అడిగితే, "నలుగురితో పాటు మనమూ," అన్నాడు.

శనివారం తొమ్మిదింటికి క్యాప్టెన్ ప్రింట్లు చూశాడు. చుక్క మీద వేలు పెట్టాడు. "ఏమిటిది?"

"దిష్టి చుక్క సాబ్. ఇక్కడ అందరూ పెడతారు."

"చూపించు."

జీపులో బజారంతా తిరిగాం. ఎటు చూసినా చుక్కలే. మెడల్ ఎవరిస్తారా అని నేను ఆలోచిస్తున్నాను. క్యాప్టెన్ పాన్ డబ్బా దగ్గర దిగి, బోర్డు మీది చుక్కను బొటనవేలితో రుద్దాడు. వేలికి నలుపు అంటింది. పక్క కొట్టు చుక్క రుద్దాడు, అదీ అంటింది. ఇంట్లో కాటుక, ఆముదంతో నూరింది, ఆరదు. తర్వాత బట్టల కొట్టు బోర్డు రుద్దాడు. అంటలేదు. సైకిల్ షాపు పులి కింద చుక్కా అంటలేదు. అది పెయింటరు రంగు, ఎప్పుడో ఆరింది. నినాదాల గోడ దగ్గరికి నడిచి రుద్దాడు. వేలు శుభ్రంగా ఉంది.

"ఈ మూడూ ఎవరు రాశారు?"

బట్టల కొట్టాయన చెప్పేశాడు. ముగ్గురిలో ఒకడని అప్పటిదాకా అనుమానం మాత్రమే. ఊరంతటికీ చుక్కలు పెట్టించి, ఎల్లయ్య కాకను వేరుచేసి చూపించింది నేను.

ఆ రోజు జీపు గుట్టల వైపు తిరగలేదు, కాకను ఎక్కించుకుని క్యాంపుకే వచ్చింది. రంగు ఆరినంత మాత్రాన సాక్ష్యమా కాదా అని క్యాప్టెన్‌కే సందేహం వచ్చింది. ఫోటోలన్నీ హెడ్‌క్వార్టర్స్‌కు పంపమన్నాడు. వాళ్ల జవాబును బట్టి వదలాలో, గుట్టలకు పంపాలో తేలుతుంది. అప్పటిదాకా మనిషి గేటు దాటకూడదు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని పని కూడా ఇచ్చారు. కాక మా లారీలకు నంబర్లు రాశాడు, పాయఖానాలకు నంబర్లు రాశాడు, కంచె దగ్గర 'లోపలికి రారాదు' అని రాశాడు. బయటికి పోరాదని రాయమని ఎవరూ చెప్పలేదు.

పదో రోజు కాక కూతురికి మగపిల్లాడు పుట్టాడని మంగలి కబురు తెచ్చాడు. అరగంట ఇంటికి పంపమని హవల్దారును అడిగాను. "ఆర్డర్ లేదు," అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆర్డరే లేదు.

"ఏం కాక, నా మీద కోపమున్నదా?" అని అడిగాను.

"నీ మీదెందుకు బిడ్డ. జర ఎత్తు మీది పనుంటె ఇప్పియ్యి."

బంగళా పైగోడకు యూనిట్ పేరు రాసే పని ఇప్పించాను. పని తేలికదే, రెండు రోజులది. ఆయన దాన్ని వారాల తరబడి సాగదీశాడు.

నా డ్యూటీ అయిపోయింది. ఉదయం ఆరుంబావుకు లారీ ఎక్కాను. చౌటుప్పల్ మీదుగా హైదరాబాదు, అక్కడి నుంచి ఇల్లు. మా బాపు గొర్లను లెక్కపెట్టినట్టు నా చేతులూ కాళ్లూ చూసుకుని, "అన్ని ఉన్నయ్," అన్నాడు. నిజమే, నావి అన్నీ ఉన్నాయి.

నన్ను వదలనిది ఒకటే. లారీ గేటు దాటుతుంటే తిరిగి చూశాను. ఎల్లయ్య కాక నిచ్చెన చివరి మెట్టు మీద ఉన్నాడు. కింద సెంట్రీ. పేరు రాయడం ఎప్పుడో అయిపోయింది. రంగు డబ్బా కిందే ఉంది, మూత కూడా తీయలేదు. పొడి కుంచె గోడ మీద మెల్లగా పైకీ కిందికీ కదులుతోంది. ముఖం మాత్రం కంచె అవతల, తన ఇల్లున్న వాడకట్టు వైపు తిరిగి ఉంది.

పోయిన వారం ఆపరేటరు కార్డు రాశాడు. హెడ్‌క్వార్టర్స్ నుంచి జవాబు వచ్చిందట. ఫోటోలు ఫైలు కవరు కంటే అరంగుళం పెద్దవిగా ఉన్నాయి, సైజు తగ్గించి మళ్లీ పంపమన్నారు.